నాలుగో మంచె తుపాకీ

రోహిణి కార్తె, 1వ రోజు

ఇది నాలుగో మంచె పుస్తకం. గట్టు మీద ప్రతి మంచెకీ ఒకటి ఉంటుంది. ఎండ్రకాయలు ఎన్ని వచ్చాయో, తూటాలు ఎన్ని పేలాయో, గట్టు ఎక్కడ తెగిందో ఏ రోజుది ఆ రోజే రాయాలి. కార్తె ఆఖరి రోజున గట్టుపెద్ద అబ్బులు గారు అందరి ముందూ పైకి చదువుతారు. అబద్ధం రాస్తే రాసిన చేతికి వాత పెడతారు.

ఈ మంచెకి కాపలా నా భర్త లోవరాజు. ఆయనకి అక్షరాలు రావు. మా అత్త నూకరత్నానికీ రావు. నేను ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి పెళ్ళయిన మర్నాడే పుస్తకం నా ఒళ్ళో పడేశారు. నా పేరు మంగతాయి. నలుగురిలో నోరు విప్పలేను. రాయమంటే రాస్తాను.

ఈ రోజు పదిన్నరకి ఒక ఎండ్రకాయ వచ్చింది. కాలువలు తవ్వడానికి మా తాతల కాలంలో వదిలిన యంత్రాలివి. తవ్వమన్నవాళ్ళు పోయారు. ఆపమని చెప్పగలిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వీపు మీది పలకలతో ఎండ తాగి నడుస్తాయి. మామూలు రోజుల్లో గంటా రెండు గంటలు కదిలి ఆగిపోతాయి. రోహిణిలో మాత్రం పది నుంచి నాలుగు దాకా వాటిదే రాజ్యం. గట్టుకి అటు ఉప్పునీళ్ళు, ఇటు మా మంచినీళ్ళు, మా వరి. అవి గట్టుని తవ్వుతాయి. వాటి నుదుటి మీద గాజుకన్ను పగిలితేనే కాళ్ళు ముడుచుకుని పడిపోతాయి.

మా ఆయన పేల్చిన మొదటి గుండు దాని కాలికి తగిలింది. ఒకటి పేలగానే ఖాళీ తూటాని తనే బయటికి విసిరేసి, నిండుదాన్ని తనే లోపలికి లాక్కునే తుపాకీ మాది. ఈ రోజు విసరలేదు. ఖాళీది గొట్టం వెనకుండే గూటిలోనే ఇరుక్కుంది. వెనకాల వచ్చిన నిండుది దాన్ని గుద్దుకుని అడ్డంగా ఆగిపోయింది. ఆయన తూటాల పెట్టె పీకేసి, గొట్టం మూతిలోంచి ఇనప ఊచ దూర్చి, ఖాళీదాన్ని వెనక్కి పొడిచి తీసేలోపు ఎండ్రకాయ గట్టుని రెండు మూరలు తవ్వేసింది. ఐదో మంచె నుంచి దొరబాబు పరుగెత్తుకొచ్చి దాని కన్ను పగలగొట్టాడు.

అబ్బులు గారు వచ్చి మంచె గుంజకి తారుతో ఒక గీత గీశారు. మూడు గీతలు పడితే తుపాకీ, ఇల్లూ వేరేవాళ్ళకి వెళతాయి. అవి పోయినవాళ్ళు ఉప్పువైపు దిగాలి. అక్కడ మనిషికి రోజుకి ఒక చెంబు నీళ్ళు. నిరుడు రెండో మంచె వాళ్ళు ఆరుగురు దిగారు. ఇద్దరు మిగిలారు.

అత్త నన్నేమీ అడగలేదు. గుంజతో చెప్పినట్టు చెప్పింది. "ఐదు నెల్లయింది. ఈ పాదం ఇంట్లో పడ్డ కాణ్ణించే తుపాకీకి ఊపిరాడ్డం మానేసింది."

3వ రోజు, శుక్రవారం

నిన్నా, ఈ రోజూ ఎండ్రకాయలు రాలేదు. గాలిదుమారం.

అత్త తుపాకీకి పూజ చేసింది. కొడుకు పెళ్ళయితే ప్రతి శుక్రవారం ఆయుధపూజ చేస్తానని గట్టమ్మకి మొక్కుకుందట. ఊళ్ళో అందరూ ఏడాదికొకసారి చేస్తారు, అదీ తుపాకీ వెనకుండే కొయ్యకి బొట్టు పెట్టి ఊరుకుంటారు. మా అత్త అలా సరిపెట్టుకునే మనిషి కాదు. పీట మీద తుపాకీని పడుకోబెట్టి, గూటిని మూసే బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే గూటిలో వేలితో ఆవునెయ్యి రాసింది. దాని మీద పసుపు, కుంకుమ. ఖాళీ తూటాని పట్టి లాగే చిన్న కొక్కేనికి కూడా బొట్టు పెట్టింది. తర్వాత ఒక్కో తూటాకీ నువ్వులనూనె పట్టించి పెట్టెలో సర్దింది.

కొత్త కోడలు ఏడాది నిండేదాకా తుపాకీకి మూడు బారల దూరంలో ఉండాలి. నేను గుమ్మం బయట నిలబడి హారతి పళ్ళెం అందించాను.

"ఊపిరి ఇటు తగలనీకు," అంది.

4వ రోజు

పన్నెండింటికి ఒక ఎండ్రకాయ. రెండు తూటాలు పేలాయి. రెండోది ఇరుక్కుంది. మా ఆయన ఊచ పట్టుకుని పొడుస్తూ ఉండగా పెద్ద మబ్బు పట్టింది. ఎండ్రకాయ గట్టుకి పది అడుగుల దూరంలో ఆగిపోయింది. మబ్బు విడిచేలోపు ఆయన ఇరుక్కున్నదాన్ని తీసి కన్ను పగలగొట్టాడు. ఇది మేం ముగ్గురం తప్ప ఎవరూ చూడలేదు.

నేను పుస్తకం తీయగానే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"రాసేత్తావేంటే?"

తల ఊపాను.

"ఎవడు సూసాడని రాత్తావు? గట్టు తెగిందా? ఎవడన్నా సచ్చాడా? నా కొడుకుని నీ సేత్తో ఉప్పులోకి తోసేత్తావా?"

మా ఆయన ఊచ తుడుచుకుంటున్నాడు. రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

తుపాకీ బాగానే ఉందని నేను రాస్తే, రేపు మా వైపు మూడు ఎండ్రకాయలు వచ్చినా దొరబాబు తన మంచె మీద నిశ్చింతగా కూర్చుంటాడు. పుస్తకాలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. రాశాను.

5వ రోజు

అబ్బులు గారు పొద్దున పడి ఉన్న ఎండ్రకాయని చూసి పుస్తకం అడిగారు, నిన్నటిది చదివి రెండో గీత గీశారు.

"ఈ గీత నువ్వే గీసావు," అన్నాడు మా ఆయన. రోజంతటిలో నాతో అన్న మాట అదొక్కటే.

అత్త నాకు అన్నం పెట్టలేదు. నేను వండిన అన్నమే. కుండ మీద మూత పెట్టి, మూత మీద తను కూర్చుంది.

మధ్యాహ్నం దొరబాబు వచ్చాడు. తుపాకీ చూడ్డానికని వచ్చి ఇల్లంతా చూశాడు. చూరు కింద వంగి లోపలికి తొంగిచూశాడు.

"వదినా, ఈ నీళ్ళతొట్టి మీదేనా, మంచెదా?" అని అత్తని అడిగాడు.

"నా బాబు కట్టిచ్చింది," అంది అత్త.

"అయితే ఇక్కడే ఉంటాదిలెండి. ఉప్పువైపుకి మొయ్యలేరు కదా."

వెళ్ళేముందు నా వైపు చూసి నవ్వాడు. "రాత బాగుంటదంట నీది. మా మంచె పుత్తకం కూడా నువ్వే రాద్దువుగానిలే, కింద ఉప్పువైపు నించి."

6వ రోజు

ఖాళీ తూటాలు కడగడం కోడళ్ళ పని. పేలినవాటిని ఏరి, చింతపండు నీళ్ళలో నానబెట్టి, తోమి, మందు నింపే షెడ్డుకి పంపాలి. తుపాకీని ముట్టకూడదు గానీ దాని ఎంగిలి తోమవచ్చు. రెండో గీత పడ్డందుకు ఐదో మంచె తూటాలు కూడా నన్నే కడగమన్నారు.

రెండు కుప్పలూ పక్కపక్కన పోశాను. ఐదో మంచెవి పైన కాస్త మసి తప్ప నున్నగా ఉన్నాయి. మావాటి ఒంటికి గోధుమరంగు పెచ్చు. చింతపండుకి లొంగలేదు. గోటితో గీకితే రెక్కలుగా లేచింది. వాసన చూశాను. మాడిన నెయ్యి. ఇరుక్కున్న రెండింటికీ అడుగు అంచు ఒకచోట చిరిగిపోయి ఉంది. కొక్కెం పట్టి లాగింది అక్కడే. అది లాగుతూనే ఉంది. తూటా రాలేదు. అంచు ఊడి వచ్చింది.

తోమని పెనం మీద అట్టు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ముందురోజు జిడ్డు మాడి ఉంటే అట్టు అతుక్కుపోతుంది. అట్లకాడతో లాగితే అంచు చిరిగి చేతికొస్తుంది, మధ్యది పెనానికే ఉంటుంది. ఇంకాస్త నూనె వేస్తే ఆ పూటకి జారుతుంది, మర్నాటికి ఇంకో పొర మాడుతుంది.

దొరబాబు ఇంట్లో అత్త లేదు. శుక్రవారం పూజ లేదు. వాడు ఊచకి గుడ్డ చుట్టి దులిపేస్తాడంతే. వాడికి భక్తి లేకపోవడం వల్ల వాడి తుపాకీ పేలుతోంది.

ఇది ఎవరికి చెప్పను?

7వ రోజు

ఎండ్రకాయలు దూరంగా తిరిగాయి. పేల్చలేదు.

మా ఆయన నీళ్ళు పోసుకుంటుంటే వెనక నిలబడి, "మావా, నెయ్యి వల్లేమో," అన్నాను.

"ఏంటి?"

"తుపాకీలో నెయ్యి."

"ఏం, సాలట్లేదా?"

కాదనేలోపే ఆయన లోపలికి వెళ్ళి, "అమ్మా, నెయ్యి సాలట్లేదంట," అన్నాడు. అత్త గిన్నె తెచ్చి గూటిలో ఇంకో వేలెడు నింపింది. నా వైపు మొదటిసారి కాస్త మెత్తగా చూసింది. ఆ చూపుకి నాకు ఆమె తిట్లకంటే ఎక్కువ భయం వేసింది.

8వ రోజు

పొద్దున అత్త నీళ్ళ వంతుకి వెళ్ళింది. మా ఆయన అన్నానికి కూర్చున్నాడు. పళ్ళెంలో అన్నం పెట్టలేదు. అంచు చిరిగిన తూటా ఒకటి, దొరబాబుది ఒకటి పెట్టి ముందుకు తోశాను.

చాలాసేపు పళ్ళెంలోకి చూశాడు. చిరిగిన చోట బొటనవేలు పెట్టాడు. పెచ్చు గీకాడు, నాలాగే వాసన చూశాడు. మూర్ఖుడు కాదు. తల్లి చేసేదాన్ని ఎప్పుడూ అనుమానించి చూడలేదంతే.

"నువ్వు ముట్టకూడదు," అన్నాడు. "అక్కడ నించుని సెప్పు. నేను సేత్తాను."

మూడు బారలు కొలుచుకుని నిలబడ్డాను. నేను చెప్పాను, ఆయన చేశాడు. పెళ్ళయ్యాక ఇంతసేపు మాట్లాడింది ఇదే మొదలు.

తూటాల పెట్టె తీసి పక్కన పెట్టమన్నాను. గూటిలో నిండుది లేదని వేలు పెట్టి చూడమన్నాను. పడవ ఇంజనుకి వాడే కిరసనాయిలులో గుడ్డ ముంచి గూటిలో కూరమన్నాను. బియ్యం ఉడికేంతసేపు ఉంచమన్నాను. గుడ్డ తీస్తే ఆవకాయలో పడ్డట్టు ఎర్రగా, జిడ్డుగా వచ్చింది. బూడిదతో తోముతానన్నాడు. వద్దన్నాను. బూడిదలో ఇసక ఉంటుంది, గూటికి గీతలు పడితే తూటా ఇంకా పట్టుకుంటుంది. కొబ్బరి పీచుని ఊచకి బిగించి చుట్టించి, వెనకవైపు నుంచి గూటిలో తిప్పించాను. నల్లటి రజను రాలింది. మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ పీచు. ఐదుసార్లు. ఆరోసారి గుడ్డ గుడ్డలాగే వచ్చింది.

"అయిపోయింది," అన్నాడు.

"కొక్కెం?"

బోల్టు బయటికి తీసి చూశాడు. కొక్కెం వంపు లోపల పసుపూ కుంకుమా నెయ్యీ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. అంచుని పట్టుకోవాల్సిన పంటికి చోటే లేదు. ఆయన వెదురు పుల్ల చెక్కి గీకాడు. వేళ్ళు లావు. పుల్ల రెండుసార్లు విరిగింది.

పది కావస్తోంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

ఆయన వాకిలి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. పిలవలేదు. బోల్టుని మాత్రం పీట చివరికి, నా వైపుకి జరిపాడు.

మూడు బారలు నడిచాను. సూదితో కొక్కెం కింద చుట్టూ గీరితే పెసరబద్దంత ముద్ద ఊడి పడింది. కొక్కెం టప్పున కిందికి దిగింది. వేలితో పైకి ఎత్తి వదిలితే గట్టిగా కొరికింది.

ఆఖరున గూటిని పొడిగుడ్డతో తుడిచాను. బోల్టు జారే చోట ఒక్క చుక్క నూనె. గూటిలో ఒక్క చుక్క కూడా లేదు. పెట్టెలోని తూటాలన్నీ పొడిగా తుడిచాను. నేను ముట్టిన సంగతి కూడా రాస్తున్నాను.

10వ రోజు, శుక్రవారం

నిన్న అంతా మబ్బు. ఈ రోజూ మధ్యాహ్నం దాకా మబ్బే.

అత్త తలస్నానం చేసి పీట వేసింది. బోల్టు లాగి గూటిలోకి చూసింది.

"నా పసుపేది?"

వేలు పెట్టి తిప్పి చూసుకుంది, పొడిగా వచ్చింది.

"ఒరేయ్ లోవా, మొన్ననేగా నిండా పెట్టాను. నా పసుపేదిరా?"

"అది తుడిసింది," అన్నాడు మా ఆయన.

అది తుడిచింది. గంటసేపు పీచు తిప్పిన చెయ్యి ఎవరిదో అనలేదు.

అత్త అరిచిన అరుపుకి ఐదో మంచె దాకా జనం వచ్చారు. నేను అమ్మవారికి అడ్డొచ్చానంది. ముట్టకూడనిది ముట్టానంది. ఆమె నేతిగిన్నె పట్టుకుని తుపాకీ మీదికి వంగితే, నేను గూటి మీద అరచెయ్యి పెట్టాను. ఎలా పెట్టానో తెలియదు. నా వేళ్ళ మీద ఆమె నాలుగు దెబ్బలు వేసింది. చెయ్యి తీయలేదు.

అబ్బులు గారు వచ్చారు. "ఏమ్మా, ఏంటిది? నోరు లేదా?"

లేదు. రెండో చేత్తో పుస్తకం తీసి ఇచ్చాను. ఆరో రోజుదీ, ఎనిమిదో రోజుదీ పైకి చదివారు.

దొరబాబు పగలబడి నవ్వాడు. "పెనం కబుర్లు తుపాకీకి సెప్తందండీ! రేపు పప్పుగుత్తెట్టి ఎండ్రకాయని మెదుపుద్దేమో!"

"నువ్వాగరా," అన్నారు అబ్బులు గారు. నా మీదేమీ దయ చూపించలేదు. మొహం చిట్లించి గుంజ మీది రెండు గీతలూ చూశారు. "పూజ ఆపితే అమ్మోరికి కోపం. ఆపకపోతే ఈ పిల్ల రాసింది నిజవో అబద్ధవో తేలదు. రేపు పూజ లేకుండానే పేల్చండి. ఇరుక్కుందా, మూడో గీత ఈ పిల్ల మీద. ఇదొక్కతే దిగుద్ది ఉప్పువైపుకి. ఇల్లూ, తుపాకీ మీకే ఉంటాయి."

"ధర్మంగా ఉంది," అంది అత్త.

"ఏం లోవరాజూ?"

మా ఆయన నేల చూస్తూ తల ఊపాడు. నేను చూశాను.

11వ రోజు

రోళ్ళు పగిలే ఎండ. పన్నెండున్నరకి మూడు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. ముందుగానే చెప్పి పెట్టినట్టు ఊరు సగం గట్టు మీద ఉంది. అబ్బులు గారు తారు డబ్బా, కుంచె తెచ్చుకున్నారు. నన్ను గుంజ పక్కన నిలబెట్టారు.

మొదటి గుండు గురి తప్పింది. ఖాళీ తూటా ఎగిరి మంచె కింద పడింది. రెండోది మొదటి ఎండ్రకాయ కన్ను పగలగొట్టింది. ఖాళీది ఎగిరింది. మూడోదీ ఎగిరింది. నాలుగోది రెండో ఎండ్రకాయని పడగొట్టింది. నేను లెక్కపెడుతున్నాను. నాతోపాటు అత్త కూడా పెదాలు కదుపుతోంది. ఏమని మొక్కుకుంటోందో నాకు తెలియదు.

మూడోది గట్టు మొదట్లోకి వచ్చి గోళ్ళు దించింది. మట్టి పెళ్ళలు లేస్తున్నాయి. ఐదోది పేలింది. తగల్లేదు. మా ఆయన ఆరోది నొక్కకుండా, ఇరుక్కుందేమోనన్నట్టు ఒక్కసారి బోల్టు పట్టుకుని చేత్తో వెనక్కి లాగాడు. ఒక తూటా కింద పడింది.

"ఇరుక్కుంది!" దొరబాబు అరిచాడు. "సేత్తో లాగాడు, సూసారా, ఇరుక్కుంది!"

అబ్బులు గారు కుంచె తారులో ముంచారు. అత్త నా జడ పట్టుకుంది.

పడ్డది నా కాలి దగ్గరికి దొర్లింది. వంగి తీశాను. వేడిగా లేదు. ముక్కున గుండు అలాగే ఉంది. పైకెత్తి పట్టుకున్నాను. ఇంతమంది ముందు నా గొంతు నేనే వినలేదు ఎప్పుడూ.

"ఇది నిండుదండి. ఖాళీది ముందే ఎగిరిపోయింది. ఏమీ ఇరుక్కోలేదు."

అబ్బులు గారు నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మంచె కింద ఖాళీలు ఏరించారు. ఐదు. ఈలోపు మా ఆయన మళ్ళీ పేల్చాడు. ఆరోది. ఏడోది. ఎండ్రకాయ కాళ్ళు ముడుచుకుని గట్టు మొదట్లోంచి ఉప్పునీళ్ళలోకి జారింది. ఏడు ఖాళీలు. ఒక్కదానికీ అంచు చిరగలేదు.

అబ్బులు గారు కుంచెని డబ్బా అంచుకి తుడిచారు. "ఇక నించి ఏ మంచె మీదైనా బొట్టు కొయ్యకే. లోపల వేలెట్టినోళ్ళకి గీత," అన్నారు. నా వైపు చూడకుండా దిగి వెళ్ళిపోయారు.

"అమ్మోరు కరుణించింది," అంది అత్త, నా జడ వదిలి. దొరబాబు ఎవరితోనూ మాట్లాడకుండా తన మంచె వైపు నడిచాడు. నేను ఏడు ఖాళీలూ కొంగులో పోసుకుని కడగడానికి తీసుకెళ్ళాను.

సాయంత్రం, అదే రోజు

తుపాకీ శుభ్రం చేసి వచ్చి మా ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. నేను పై సంగతులన్నీ రాస్తున్నాను. పేజీలోకి చూస్తూ కూర్చున్నాడు, చదవగలిగినట్టు.

"నిన్నటిది కూడా రాసేసావా?"

"రాసేశాను."

"నేను తల ఊపింది?"

"అదీ."

కార్తె ఆఖరున, పద్నాలుగో రోజున అబ్బులు గారు దాన్ని ఊరందరి ముందూ చదువుతారు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

"కొట్టేయవే."

కలం ఆయన ముందు పెట్టాను. "ఎక్కడుందో చూసుకుని నువ్వే కొట్టేసుకో, మావా."

కలం ముట్టలేదు. అత్త పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది. ఆయన పేజీ వైపు వేలు చూపించాడు.

"అయితే ఇంకోటి కూడా రాయి. నేను భయపడ్డానని రాయి."

"ఈ రోజా? బోల్టు లాగినప్పుడా?"

"నిన్న. తల ఊపినప్పుడు."

రాశాను. ఎవరి కోసం భయపడ్డాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.